నెల జీతం, ఏడాది సంసారం

ప్రశ్న చదవనివారి కోసం ముందు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఈ అమ్మాయిది అమలాపురం దగ్గర ఊరు. భర్త జీతం 32,000. అత్తగారు, మామగారు, ఇద్దరు పిల్లలు, వీళ్లిద్దరూ కలిపి ఇంట్లో ఆరుగురు. ఎకరంన్నర పొలం కౌలుకిచ్చారు. సార్వాకు, అంటే వానాకాలం పంటకు, 18 బస్తాల ధాన్యం వస్తుంది, దాళ్వా, అంటే రెండో పంట, కౌలు డబ్బు రూపంలో వస్తుంది. అయినా ఇరవయ్యో తారీఖు దాటితే చేతిలో పైసా ఉండటం లేదు. మార్చిలో చవకగా వచ్చిందని 25 కిలోల కందిపప్పు కొంటే ఆగస్టుకల్లా పురుగు పట్టింది. అటక నిండిపోయింది, అత్తగారు ఏదీ తీసేయనివ్వరు. వీడియోల్లో చూసి, లోపలి సరుకు కనబడే డబ్బాలు ఒక వరుస కొన్నారు. ఇల్లు ఎక్కడినుంచి సర్దుకుంటూ రావాలని అడుగుతున్నారు.

డబ్బాలతో మాత్రం మొదలుపెట్టవద్దమ్మా. ఆ వీడియోలు చేసేవారు చాలామంది నగరాల్లో అపార్టుమెంట్లలో ఉంటారు. కింద వీధిలోనే దుకాణం, జీతం తప్ప వేరే రాబడి ఉండదు. వాళ్ల లెక్క నెలకు సరిపోతుంది. మన దగ్గర సంసారం నెల లెక్కకు లొంగదు. పంట ఏడాదికి రెండుసార్లు చేతికి వస్తుంది, చింతపండు ఒకసారి, ఆవకాయ ఒకసారి, బడి ఫీజులు ఒకసారి. కాబట్టి ఏడాదికి లెక్క వేసి దాన్ని పన్నెండుకు పంచుకోవాలి. రెండో సంగతి చెమ్మ. జూన్‌లో మబ్బు పట్టింది మొదలు నవంబరు తుఫాన్లు వెళ్లేదాకా గోదావరి డెల్టాలో గోడలు, గచ్చు, గాలి అన్నీ తడిగానే ఉంటాయి. ఎంత సరుకు కొనాలో ధరను బట్టి కాక, మీ ఇంట్లో ఎంత సరుకును పొడిగా ఉంచగలరో దాన్ని బట్టి నిర్ణయించుకోండి. నేను చెప్పబోయేదంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

నేను పాలకొల్లు వైపు ఉమ్మడి కుటుంబంలోకి కోడలిగా వచ్చి, తోడికోడళ్లతో కలిసి వంటిల్లు నడిపినదాన్ని. ఇప్పుడు నా కోడలితో కలిసి నడుపుతున్నాను. పొదుపు విషయంలో నాకు చాదస్తం ఎక్కువని ఇంట్లో అంటారు. ఉంది, కాదనను.

మీరు రాసిన జూన్, జూలై పద్దులు చూశాను. దుబారా నాకు పెద్దగా కనబడలేదు. పాలు, కూరలు, గ్యాసు, కరెంటు, మందులు, పెట్రోలు అన్నీ కలిపి 23,000 లోపే ఉన్నాయి. ఇంకా తొమ్మిది వేలు మిగలాలి. మిగలకపోవడానికి కారణం ఆ పద్దుల్లోనే ఉంది. జూన్‌లో ఫీజు మొదటి వాయిదా కట్టారు, జూలైలో బీమా కట్టారు. ఆ రెండు నెలలు పాపం చేసినట్లు, మిగిలిన నెలలు పుణ్యం చేసినట్లు కనబడుతోంది కానీ, అవి ఆ నెల ఖర్చులు కావు, ఏడాది ఖర్చులు. మీరు చెప్పిన అంకెలతోనే కూడదాం. ఫీజులు, పుస్తకాలు 30,000. సంక్రాంతి, దసరా కలిపి 14,000. బీమా 12,000. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, చదివింపులు 10,000. చింతపండు, మిరపకాయలు, పచ్చళ్లు, నూనె వంటి ఏడాది సరుకు 12,000. ఇంటి పన్ను, మోటారు మరమ్మతు, సున్నం 6,000. మొత్తం 84,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 7,000. 23,000కు ఇది కలిపితే 30,000. జీతం సరిపోవడమే కాదు, రెండు వేలు మిగులుతోంది కూడా. మీకు లోటు లేదు. డబ్బు వచ్చే వేళకూ, పోయే వేళకూ పొంతన కుదరడం లేదు, అంతే.

ఆ ఏడు వేలు జీతం పడిన రోజే బ్యాంకులో రికరింగ్ డిపాజిట్‌లోకి వెళ్లిపోయేలా పెట్టండి. జూన్‌లో బడి తెరిచేనాటికి చేతికి రావాలంటే మేలో మెచ్యూరిటీ ఉండాలి. రెండు డిపాజిట్లుగా విడదీసి, ఒకటి మేకు, ఒకటి డిసెంబరుకు పెట్టుకుంటే ఇంకా మంచిది. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ అయిదేళ్లది కాబట్టి ఈ పనికి పనికిరాదు, అది పిల్లల చదువుకు వేరే కట్టుకోండి. మొదటి ఏడాది మాత్రం ఇబ్బంది ఉంటుంది, ఎందుకంటే డిపాజిట్ పండేలోపే ఖర్చు ఎదురవుతుంది. ఆ ఖాళీని దాళ్వా కౌలు డబ్బుతో పూడ్చండి. ఇప్పటిదాకా ఆ డబ్బును జీతంలో కలిపేసి ఏప్రిల్, మే నెలల్లో చేయి కాస్త జారవిడిచి ఖర్చు చేస్తున్నారని మీ మాటల్లోనే తెలుస్తోంది. పంట డబ్బు వేరు, జీతం వేరు. ఒక ఖాతాలో రెండూ పడకూడదు. మన ప్రాంతంలో పెళ్లిళ్లు, పండుగలు పంట చేతికొచ్చే నెలల్లోనే ఉండటం కాకతాళీయం కాదు కదా, పెద్దలు గాదె చూసుకునే ముహూర్తాలు పెట్టుకున్నారు.

చీటీ వేయమంటారా అని అడిగారు. రిజిస్టరైన కంపెనీ చీటీ అయితే, అదీ చివరి నెలల్లో పాడుకునే ఓపిక ఉంటే, వేయండి. చట్టం ప్రకారం నిర్వాహకుడి కమీషన్ 5 శాతం ఉండేది, 2019 సవరణతో 7 శాతం వరకూ తీసుకోవచ్చన్నారు. అవసరం కొద్దీ మొదటి నెలల్లోనే ఎక్కువ మొత్తం వదులుకుని పాడుకుంటే అది పొదుపు కాదు, బాగా ఖరీదైన అప్పు. వీధిలో నమ్మకం మీద నడిచే చీటీలకు దూరంగా ఉండండి, నిర్వహించేవారు ఎంత మంచివారైనా సరే.

సంక్రాంతి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కొత్త అల్లుడికి వందల రకాలు వడ్డించిన విస్తరి ఫోటోలు ఏటా పేపర్లలో వస్తాయి. చూసి నవ్వుకోవాలి, పోటీకి దిగకూడదు. మా ఇంట్లో పద్ధతి ఏమిటంటే, భోగికి పది రోజుల ముందే అరిసెలకు ఎన్ని కిలోల బియ్యం, సున్నుండలకు ఎన్ని కిలోల మినప్పప్పు అన్నది కాగితం మీద రాసి అంతవరకే నానబెట్టడం. చుట్టాలకు పంపే మూటలు కూడా ఆ లెక్కలోనే. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే రోజు ఒకే పొయ్యి మీద వండుకుంటే నూనె సగం మిగులుతుంది. వేర్వేరుగా వండితే ఎవరి మూకుడు అడుగున ఉన్న నూనె వారిదే.

ఇక సరుకు దగ్గరికి వద్దాం. ఏడాదికి సరిపడా నిల్వ చేయదగినవి నా లెక్కలో నాలుగే. ధాన్యం, చింతపండు, ఎండుమిరపకాయలు, పచ్చళ్లు. మిగిలినవి ఏవైనా నెలకో, రెండు మూడు నెలలకో కొనుక్కోవాలి. కందిపప్పు ఏడాదికి కొనడం మన గాలికి సరిపడదు.

ధాన్యం గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ తిండికి పెద్ద ఆధారం అదే, మీరేమో మొత్తం అమ్మేసి బియ్యం కొట్టులో కొంటున్నారు. ఆరుగురికి రోజుకు కిలోన్నర బియ్యం అనుకుంటే ఏడాదికి సుమారు 550 కిలోలు. మన 75 కిలోల ధాన్యం బస్తా ఆడిస్తే 50 కిలోల బియ్యం వస్తాయి. అంటే 11 బస్తాలు. 2025-26కు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, బస్తా లెక్కన దాదాపు 1,777. ఆ ధరకు అమ్మవలసిన ధాన్యాన్ని ఇంట్లో ఉంచుకుంటే బియ్యం కిలో మీకు 36 రూపాయల లోపు పడుతుంది, ఆడించే కూలి కొద్దిగా అదనం. తవుడు, నూక తీసుకుని కూలి తగ్గించుకునే మరలు కూడా ఉన్నాయి. 2022 జూలైలో 25 కిలోల వరకూ ఉన్న ప్యాకెట్ల మీద 5 శాతం జీఎస్టీ వేశాక మార్కెట్‌లోకి వచ్చిన 26 కిలోల బస్తాను మీరు ఎంతకు తెచ్చుకుంటున్నారో ఒకసారి భాగించి చూడండి. సార్వా ధాన్యమే తిండికి ఉంచుకోండి. మీ కౌలుదారు స్వర్ణ వేస్తారని రాశారు. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన రకం అది, పాతబడితే అన్నం బాగుంటుంది. దాళ్వాలో లావు రకాలు వేసేవారు ఎక్కువ, అవి అమ్మకానికే.

పాతబడటం అన్నాను కదా, దానికీ లెక్క ఉంది. సంక్రాంతికి కొత్త ధాన్యం ఇంటికి వచ్చినా ఉగాది దాటేదాకా పాతవే తినాలి. కొత్త బియ్యం అరిసెలకు, పొంగలికి బాగుంటాయి, అన్నానికి ముద్దవుతాయి. అందుకని మొదటి ఏడాది 11 కాకుండా 14 బస్తాలు ఉంచండి. ఆ మూడు బస్తాలు ఎప్పుడూ ఒక పంట వెనక నడుస్తుంటాయి. ఆడించేటప్పుడు రెండేసి బస్తాల చొప్పున ఆడించండి. పొట్టు ఉన్నంతకాలం గింజకు కవచం ఉన్నట్టే, పొట్టు తీసిన బియ్యానికే పురుగు త్వరగా పడుతుంది.

ఇక్కడ చాలామంది గమనించని చిక్కు ఒకటి ఉంది. ప్రభుత్వ కొనుగోలుకు ధాన్యంలో తేమ 17 శాతం దాకా ఉండవచ్చు. ఇంట్లో నెలల తరబడి నిల్వ ఉండాలంటే 14 శాతం మించకూడదు. అమ్మకానికి పనికొచ్చేంత ఎండిన ధాన్యం నిల్వకు ఎండినట్టు కాదు. మిల్లులో తేమ కొలిచే యంత్రం ఉంటుంది, గింజలు తీసుకెళ్తే చూసి చెబుతారు. లేదంటే ఇంట్లోనే చూసుకునే ఉపాయం ఉంది. మూత బిగుతుగా ఉండే గాజు సీసా ఒకటి తీసుకోండి, అది పూర్తిగా పొడిగా ఉండాలి. మెత్తని ఉప్పును మూకుట్లో వేయించి చల్లారనిచ్చి, రెండు మూడు చెంచాలు సీసాలో వేయండి. మూడో వంతు దాకా ధాన్యం పోసి, మూత పెట్టి, బాగా కుదిపి, పావుగంట పక్కన పెట్టండి. ఉప్పు సీసా గోడలకు అంటుకుని తెల్లగా నిలిచిందంటే తేమ 15 శాతం పైనే ఉన్నట్టు. గోడలు శుభ్రంగా ఉండి ఉప్పు అడుగుకు జారిపోతే బస్తా కట్టేయవచ్చు. వేయించిన ఉప్పే వాడాలి, వానాకాలపు ఉప్పు తానే నీరు కారుతూ ఉంటుంది, దాని సాక్ష్యం చెల్లదు.

పూర్వం ధాన్యం దాచడానికి గడ్డితో పేనిన వెంటి చుట్టి పురులు కట్టేవారు. 14 బస్తాలకు పురి అక్కర్లేదు. కింద ఇటుకలు పరిచి, వాటి మీద చెక్క బల్లలు వేసి, గోడకు జానెడు దూరంలో పేర్చండి. గచ్చు మీద నేరుగా పెట్టిన బస్తా అడుగు నుంచి చెమ్మ తాగుతుంది. గోడకు ఆనించిన బస్తా వెనక ఎలుక కాపురం పెడుతుంది. జానెడు ఖాళీ ఉంటే చీపురూ పడుతుంది, పిల్లీ పడుతుంది. ఒక మాట గట్టిగా చెబుతున్నాను. బస్తాల మధ్య గ్యాస్ మాత్రలు పెట్టమని ఎవరైనా చెబితే వినవద్దు. వాటినుంచి వచ్చే ఫాస్ఫీన్ గాలి మనుషుల ప్రాణం తీస్తుంది. పిల్లలు పడుకునే ఇంట్లో అది ఉండకూడదు. బియ్యంలో బోరిక్ పౌడరు కలపడం కూడా మానండి. ఎండిన వేపాకు, ఎండుమిరపకాయలు వేస్తే వేయండి, కానీ గింజ తడిగా ఉంటే అవేవీ ఆదుకోవు.

చింతపండు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు కొత్తది వస్తుంది. ఆరుగురికి అయిదు కిలోలు తీసుకోండి. గింజ, ఈనెలు తీసి, రెండు ఎండలు చూపించి, కాస్త కల్లుప్పు చల్లి, జాడీలోకి గట్టిగా అదిమి పెట్టండి. లోహపు డబ్బాలో వద్దు, పులుపు దాన్ని తినేస్తుంది. ఎండుమిరపకాయలు కూడా ఆ రోజుల్లోనే, తొడిమలతో కొనండి. తొడిమ తీస్తే లోపలికి చెమ్మ చేరుతుంది. కారం ఏడాదికి ఒకేసారి పట్టించకుండా మూడు విడతలుగా పట్టిస్తే రంగూ ఘాటూ నిలుస్తాయి.

ఇప్పుడు మీ కందిపప్పు. ఆరుగురికి నెలకు మూడు కిలోలు పోతుందనుకుందాం. మార్చిలో 25 కిలోలు కొన్నారంటే నవంబరు దాకా సరుకు, అంటే వానాకాలం మొత్తం దానితో కాపలా కాయాలి. మార్చిలో 12 కిలోలు కొని ఉంటే జూన్ చివరికి అయిపోయేది. ఆ తరువాత నెలకు మూడేసి కిలోలు కాస్త ఎక్కువ ధరకు కొన్నా, పారేసిన పప్పు కంటే చవకే. కొన్న రోజున చేటతో చెరిగి, జల్లించి, నూక, పొడి పూర్తిగా తీసేయండి. పురుగు ముందు ఆ పొడిలోనే పెరుగుతుంది. ఆపైన ఒక ఎండ చూపించి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోయండి. వేడి మీద మూత పెడితే లోపల చెమట పట్టి మీ శ్రమంతా వృథా. మినుములు, పెసలు గుండు గింజలుగా నిల్వ చేయవలసి వస్తే కిలోకు చెంచా చొప్పున ఆముదం రాసి పెట్టండి. గుండు గింజల మీదే గుడ్లు పెట్టే పురుగుకు అది గిట్టదు. పప్పుగా విరగగొట్టినవాటిని ఆ పురుగు అంతగా ముట్టదు. తక్కువ సరుకైతే నాలుగు రోజులు ఫ్రీజర్‌లో ఉంచి తీసినా గుడ్లు చచ్చిపోతాయి. తీశాక చెమట ఆరేదాకా మూత తెరవకూడదు.

వంటింట్లో పదిహేను రోజుల సరుకే ఉండాలి. మిగిలినది సామాన్ల గదిలో, ఒక్కరి చేతి కిందే ఉండాలి. మీరు కొన్న డబ్బాలు ఆ పదిహేను రోజుల సరుకుకు వాడుకోండి, వృథా కావు. పొయ్యి పక్కన మాత్రం పెట్టకండి, ఆవిరి తగులుతుంది. ప్రతి డబ్బాలో ఒక కొలత పాత్ర ఉంచండి. మీ ఇంట్లో ఇత్తడి సోల ఉండే ఉంటుంది, అత్తగారిని అడగండి. బియ్యం రోజూ ఒకే సోలతో కొలిస్తే ఏ పూట అన్నం మిగులుతోందో, ఎంత మిగులుతోందో వారంలో తెలిసిపోతుంది. చేత్తో గుప్పిళ్లు వేసే ఇంట్లో అది ఎప్పటికీ తెలియదు.

ఆవకాయ విషయంలో మీ అత్తగారిదే పైచేయి కానివ్వండి. నేను చెప్పేది జాడీల సంగతి ఒక్కటే. పెద్ద జాడీని రోజూ తెరవకూడదు. కలిపిన మూడో రోజు తిరగకలిపి, పైన వేలి మందాన పప్పునూనె తేలేలా చూసి, మూతికి బట్టతో వాసెన కట్టి పైన పెట్టేయాలి. నెలకోసారి పొడి గరిటెతో చిన్న జాడీలోకి తీసుకుని మళ్లీ వాసెన కట్టాలి. తీసిన ప్రతిసారీ ముక్కలను కిందికి అదిమి నూనె పైకి వచ్చేలా చేయాలి. నూనె పైకి తేలిన ముక్క ఒక్కటి చాలు, బూజు అక్కడే మొదలవుతుంది. మామిడికాయ కొత్తపల్లి కొబ్బరి రకం అయితే మీ ఇంట్లో పిల్లలు కూడా వంక పెట్టరు. పనసపొట్టు, అరటి పువ్వు, అరటి దవ్వ, కంద బచ్చలి మన దగ్గర పెరట్లోనో సంతలోనో చవకగా దొరికే రోజుల్లో క్యాప్సికమ్‌కు వందలు పోయడం నాకు మింగుడు పడదు, కానీ అది మీ ఇష్టం. పుస్తెలమ్మి అయినా పులస తినాలని సామెత ఉంది. బంగారం ఇప్పుడున్న ధరలో పుస్తెలు అమ్మితే పులసతో పాటు ఇంకా చాలా వస్తాయి, అయినా వద్దు.

అటక గురించి. మీ అత్తగారు ఏదీ పారేయనివ్వరని విసుగ్గా రాశారు. ఆవిడ వయసు వారు 1986 ఆగస్టు వరదను చూశారు, 1996 నవంబరు 6 తుఫానును చూశారు. కొబ్బరి తోటలు పడిపోయి, కట్టుబట్టలతో బయటపడిన కుటుంబాలు కోనసీమలో ఎన్నో. అలాంటివారు పగిలిన బిందెను కూడా దాస్తారు. ఆవిడతో వాదించి గెలవలేరు, గెలిచినా మీకు వచ్చేది లేదు. ఆవిడ కుర్చీలో కూర్చుంటే మీరు ఒక్కో వస్తువూ దించి చూపించండి. "ఇది ఏ పనికి దించుతాం అత్తయ్యా?" అని మాత్రం అడగండి. చెప్పిన పనిని చిన్న చీటీ మీద రాసి దానికే కట్టండి. ఏ పనీ తోచనివాటిని ఆవిడే పక్కకు పెట్టించడం మీరు చూస్తారు. ముందుగా వెళ్లిపోయేవి టీవీ అట్టపెట్టెలు, థర్మాకోల్, పాడైన మిక్సీలు, ఖాళీ నూనె డబ్బాలు. వాటి గురించి ఎవరూ ఏడవరు. పాత నూలు చీరలతో బొంతలు కుట్టించండి, చలికాలంలో పిల్లలకు వాటిని మించినవి లేవు. ఇత్తడి గంగాళాలు, గుండిగలు జోలికి ఇప్పుడే పోకండి. పెళ్లి వంటకు సామాను అద్దెకు దొరికే రోజులే అయినా, అవి ఆవిడ పుట్టింటి సారె అయి ఉండవచ్చు.

అటక ఖాళీ అయితే అందులో ఒక మూల వరదకు కేటాయించండి. మీది గోదావరి మధ్య లంక ఊరు కాకపోయినా కాలువ గట్టుకు దగ్గరే అన్నారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. 2022 జూలైలో మూడవది కూడా దాటింది. మొదటి హెచ్చరికకే కింది అరలోని సరుకు, పిల్లల పుస్తకాలు పైకి వెళ్లాలి. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, బీమా పత్రాలు, బంగారం తాకట్టు రసీదులు ఒకే సంచిలో, రెండు ప్లాస్టిక్ కవర్ల మధ్య ఎప్పుడూ కట్టి ఉంచండి. ఇప్పుడు అవి మూడు బీరువాల్లో ఉన్నాయని మీరే రాశారు. చీకట్లో, మోకాలి లోతు నీళ్లలో మూడు బీరువాలు వెతకలేరు.

కరెంటు, గ్యాసు సంగతి తొందరగా ముగిస్తాను. 2022 ఆగస్టు నుంచి అమలైన కరెంటు చార్జీల పట్టికలో నెలకు 225 యూనిట్ల వరకూ చివరి మెట్టు యూనిట్ ధర 6 రూపాయలు, అది దాటిన ప్రతి యూనిట్‌కూ 8.75. సర్దుబాటు చార్జీలు వేరు. మీ వేసవి బిల్లులు 260 యూనిట్ల దగ్గర ఆగుతున్నాయి. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లది, రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం, 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను అదే పనికి 11 యూనిట్లు చాలంటుంది. అన్నిటికన్నా ఎక్కువసేపు తిరిగే రెండు ఫ్యాన్లు మారిస్తే 32 యూనిట్లు తగ్గుతాయి, ఆ తగ్గేవన్నీ 8.75 రూపాయలవే. గ్యాసు బండ వచ్చినప్పుడు దాని మెడ దగ్గర ఖాళీ బరువు రాసి ఉంటుంది. దానికి 14.2 కిలోలు కలిపి, తెచ్చినవారి దగ్గరే తూయించుకోండి. పక్కనే ఏ, బీ, సీ, డీ అక్షరాల్లో ఒకటి, సంవత్సరం ఉంటాయి, అది బండను మళ్లీ పరీక్షించవలసిన గడువు. ఏ అంటే జనవరి నుంచి మార్చి, అలా మూడేసి నెలలు. ఆ గడువు దాటిన బండను దించుకోవద్దు.

ఇప్పుడు సెప్టెంబరు. ఈ వారం ఏడాది ఖర్చుల కాగితం రాసి, డిపాజిట్లు తెరవండి. అటక పని దసరా లోపు పెట్టుకోండి, ఎలాగూ ఇల్లు దులుపుతారు. కౌలుదారుతో మాత్రం కోతల దాకా ఆగకుండా ఇప్పుడే మాట్లాడండి. అమ్మే నాలుగు బస్తాలు ఎలా ఉన్నా, తిండికి ఉంచుకునే 14 బస్తాలను వేరుగా రెండు మూడు ఎండలు ఎక్కువ ఆరబెట్టి ఇవ్వమనండి. ఆ అదనపు కూలి, టార్పాలిన్ అద్దె మీరే భరిస్తామని ముందే చెప్పండి. ఎండిన కొద్దీ బస్తా బరువు తగ్గుతుంది. ఆ తరుగు ఎవరి లెక్కలో పడాలన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి, కళ్లంలో బస్తాలు తూచేటప్పుడు కాదు.